రేపటి వానే తేల్చనోళ్లు 2050 సంగతి చెప్తారా?

ప్రశ్న: మాది భూపాలపల్లి. మా బిడ్డ హన్మకొండలో బీఎస్సీ ఎంపీసీఎస్ ఫైనల్ ఇయర్. 2023లో మోరంచపల్లి మునిగినప్పటి నుంచి వాతావరణ మోడళ్ల మీద చదువుతానని పట్టు పట్టింది. మా బావమరిదేమో "రేపటి వానే సరిగ్గా తేల్చనోళ్లు 2050 సంగతి ఏం చెప్తారు? ఎంసీఏ చేయించు" అంటున్నాడు. మాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ బావమరిది మాటలో సగం న్యాయం ఉంది. ముందు అదే చూద్దాం. అమ్మాయి రేపు చేయబోయే పనంతా అక్కడే ఉంది మరి.

2023 జులై 27 ఉదయానికి 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అంతకుముందు రాష్ట్ర రికార్డు 2013లో వాజేడులో పడ్డ 517.5. రోజుకు 204.4 దాటితే చాలు, వాతావరణ శాఖ లెక్కలో అది అత్యంత భారీ వర్షం. మరి ప్రాంతీయ వాతావరణ మోడల్‌లో, అంటే ఒక ప్రాంతం వాతావరణాన్ని దశాబ్దాల మేరకు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో, 650 అనే అంకె కనిపిస్తుందా? దాదాపు కనిపించదు.

దక్షిణాసియా కోసం కార్డెక్స్ అనే అంతర్జాతీయ ప్రాజెక్టు కింద నడిపిన మోడళ్లు నేలను 50 లేదా 25 కిలోమీటర్ల గళ్లుగా కోసుకుంటాయి. చిన్న గడి అన్నా ఆరేడు వందల చదరపు కిలోమీటర్లు. అంత మేరకూ రోజుకు ఒకటే సగటు అంకె. ఉరుముల మేఘం వెడల్పేమో కొన్ని కిలోమీటర్లే. గడిలో విడిగా కనపడని ఆ మేఘాన్ని ఫార్ములాతో అంచనా కట్టాలి. ఫార్ములా మారిస్తే వానా మారిపోతుంది. అందుకే చాలా మోడళ్లలో తుంపర రోజులు ఎక్కువ, కుండపోత రోజులు తక్కువ. బంగాళాఖాతం అల్పపీడనాలు వందల కిలోమీటర్లు పరుచుకుంటాయి కాబట్టి వాటిని మోడల్ బాగానే పట్టుకుంటుంది. ఏ మండలంలో ఎంత కురుస్తుందన్న దగ్గరే తడబడుతుంది. గడిని నాలుగు కిలోమీటర్లకు, ఇంకా కిందికి తగ్గిస్తే పెద్ద మేఘాలను చాలావరకు నేరుగానే లెక్కించవచ్చు, భారీ వానలూ మెరుగ్గా వస్తాయి. దానికి సూపర్ కంప్యూటర్ కావాలి.

చెరువు కట్టకు, కల్వర్టుకు డిజైన్ గీసే ఇంజనీరుకు కావాల్సింది మాత్రం ఆ అరుదైన వానే. ముప్పై ఏళ్ల డేటాతో వందేళ్లకోసారి పడే వానను అంచనా కట్టడం, మోడల్ ఎటు, ఎంత తప్పుతోందో చూసి సరిదిద్దడం... నిపుణులు కావాల్సింది ఇక్కడే. మోడళ్లు అన్నీ సరిగ్గా చెప్పేస్తుంటే మీ అమ్మాయికి అక్కడ పనేముంది!

ఇక రేపటి వాన మాట. అది వేరే లెక్క. 2050 దాకా లెక్కగట్టే ఈ మోడళ్లు తేదీ చెప్పవు, అలాంటి రోజులు ఎంత తరచుగా వస్తాయో చెప్తాయి.

ఫీజు కట్టే ముందు ఓ పరీక్ష పెట్టండి. పుణె వాతావరణ శాఖ సైట్‌లో 1901 నుంచి రోజువారీ వాన డేటా 25 కిలోమీటర్ల గళ్లలో ఉచితంగా దొరుకుతుంది. కార్డెక్స్ డేటా కూడా ఉచితమే. ములుగు గడి తీసుకుని, 115 మిల్లీమీటర్లు దాటిన రోజులు రెండింట్లో ఎన్నో పైథాన్‌లో లెక్క తీయమనండి. మోడల్‌లో జులై 27 కోసం వెతకొద్దనండి, లక్ష్మీదేవిపేట వానమాపకం అంకెను గడి సగటుతో పోల్చొద్దనండి. కొత్తవాళ్లు పడేది ఈ రెండు చోట్లే. ఫైళ్లు తెరుచుకోక, అంకెలు కలవక విసుగొస్తుంది. రెండు మూడు వారాల తర్వాత కూడా వదలకుండా కూర్చుంటే పంపించండి.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సముద్ర, వాతావరణ శాస్త్రాల ఎమ్మెస్సీ ఉంది. సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి, దరఖాస్తులు డిసెంబరు, జనవరిల్లో వస్తుంటాయి. విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలోనూ వాతావరణ శాస్త్రం ఉంది. అయితే దాచకుండా చెప్తున్నా: ఎమ్మెస్సీతోనే మోడలింగ్ ఉద్యోగం దొరకడం కష్టం. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం లాంటి చోట సైంటిస్టు కావాలంటే పీహెచ్‌డీ దాకా వెళ్లాలి. అంటే ఇంకో ఏడెనిమిదేళ్లు. ఫెలోషిప్ వస్తుంది, కానీ జీతం అంత కాదు. ఇంటికి త్వరగా సంపాదన కావాల్సి ఉంటే ఎంసీఏ తప్పేం కాదు. మధ్యేమార్గంగా వాతావరణ శాఖలో సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టులు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ) ద్వారా పడుతుంటాయి, ఏటా మాత్రం కాదు. గత నోటిఫికేషన్‌లో ఫిజిక్స్ ఉన్న బీఎస్సీకి 60 శాతం అడిగారు. అమ్మాయి మార్కులు ఎంతున్నాయో మీరు రాయలేదు, ముందు అది చూసుకోండి.