మూడో స్థానంతో ఆగిపోయిన గొంతు ఎక్కడిదాకా వెళ్లింది?

టీవీ పాటల పోటీలో మీ చెల్లి మూడో స్థానంతో సరిపెట్టుకుందనీ, ఇంట్లో అందరూ డీలా పడిపోయారనీ, గెలవకుండా గాయనిగా నిలదొక్కుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అనీ అడిగారు. ఉన్నారు. నేను చైనాలోని చెంగ్డులో ఎంబీబీఎస్ చదివాను కాబట్టి, నాకు బాగా తెలిసిన ఆ ఊరి అమ్మాయి గురించి చెబుతాను. పేరు జాంగ్ లియాంగ్‌యింగ్.

2005లో హునాన్ టీవీ అనే చైనా చానెల్‌లో సూపర్ గర్ల్ అనే పాటల పోటీ ఫైనల్ జరిగింది. చైనా అంతా టీవీల ముందే ఉంది. ఎస్సెమ్మెస్ ఓట్లు లీ యూచున్‌కు 35 లక్షల పైచిలుకు, జౌ బీచాంగ్‌కు 32 లక్షల పైచిలుకు వస్తే, ఈమెకు 13 లక్షల చిల్లర వచ్చాయి. గెలిచిన అమ్మాయికి పడినవాటిలో సగం కూడా కాదు.

కానీ ఆమె పాట ఆ వేదిక మీద మొదలైంది కాదు. పదిహేనేళ్లప్పుడు నాన్న పోతే, ఇల్లు గడవడానికి చెంగ్డు బార్లలో పాడింది. తాగుతూ, కబుర్లు చెప్పుకుంటూ ఉండేవాళ్ల ముందు పాడి తలలు తిప్పించుకోవాలంటే గొంతుకు ఎంత దమ్ముండాలి! ఈలలా పైకి లేచే స్వరాల వల్ల ఆమెను డాల్ఫిన్ అని పిలుస్తారు. ఆ గొంతు ఏ షో ఇచ్చిందీ కాదు.

మా హాస్టల్ సందు చివర ఒక ఆంటీ లియాంగ్‌ఫెన్ అమ్మేది. చల్లటి జెల్లీని పొడుగు ముక్కలుగా కోసి, పైన ఎర్రటి కారం నూనె, వెల్లుల్లి నీళ్లు, చిటికెడు పంచదార వేసి ఇచ్చేది. జాంగ్ అభిమానులు తమను తాము లియాంగ్‌ఫెన్ అనే పిలుచుకుంటారు. ఆమె పేరులోని లియాంగ్‌కి, అభిమాని అనే అర్థమున్న ఫెన్ కలిపారన్నమాట. నాకది విప్పి చెప్పింది ఆంటీయే. "మా ఊరి పిల్ల" అంటూ ఫోన్‌లో పాట పెట్టి, నా చైనీస్ పలుకు తప్పినచోటల్లా ఆపి, మళ్లీ అనిపించేది. ఆ పాట 2008లో పెయింటెడ్ స్కిన్ సినిమాకు జాంగ్ పాడింది. ఆ మరుసటి ఏడాదే అమెరికాలో ఓప్రా విన్‌ఫ్రే టాక్ షోలో కూడా పాడింది.

నన్ను బాగా కదిలించింది మాత్రం 2015. ఐ యామ్ ఎ సింగర్ అనే షోలో, అప్పటికే పేరున్న గాయకులంతా మళ్లీ పోటీపడేవారు. హాల్లో కూర్చున్న 500 మంది ఓట్లేసేవారు. అదీ హునాన్ టీవీదే. పదేళ్ల తర్వాత, ఓడిపోయిన చోటికే వచ్చి మళ్లీ మార్కులకు నిలబడింది. క్లాస్‌మేట్ గదిలో ఒకే ల్యాప్‌టాప్ చుట్టూ ఆరుగురం చూశాం. ఆమె పైస్థాయి అందుకున్నప్పుడు ఎవరూ గింజలు కొరకడం లేదు, అంత నిశ్శబ్దం. నాకు కళ్లు చెమర్చాయి.

మన దగ్గరా కారుణ్య 2006 ఇండియన్ ఐడల్‌లో రన్నరప్ అయినా, తర్వాత తెలుగులో పాడుతూనే ఉన్నాడు కదా.

మీ చెల్లిని కప్పు గురించి అడగకండి, టెన్షన్ పెట్టకండి. షో అయిపోయాక ఎక్కడ పాడుతోందో చూడండి. ఆర్కెస్ట్రా కానీ, గుడి ఉత్సవం కానీ, పెళ్లి కానీ, వారానికి ఒక్కసారైనా కొత్త మనుషుల ముందు నిలబడేలా చూడండి. రాత్రి ఆలస్యమైతే తీసుకురావడానికి మీరే వెళ్లండి.