నొప్పి ఖరీదు 22 వేలు, అప్పు 72 వేలా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. హార్డ్‌వేర్ దుకాణంలో పని చేస్తాను, జీతం 16,000. నా భార్య కుట్టుపని మీద నెలకు నాలుగు వేల దాకా సంపాదిస్తుంది. అమ్మకు 61 ఏళ్లు, షుగర్ ఉంది. రెండు నెలలుగా పంటి నొప్పితో సరిగా తినడం లేదు. ప్రైవేటు క్లినిక్‌లో మొత్తం 92,000 అవుతుందన్నారు. 20,000 ముందు కడితే మిగతా 72,000 ఫైనాన్స్ కంపెనీ ఇస్తుందట, 24 నెలల్లో తీర్చాలట, నూటికి రూపాయి వడ్డీయేనట. బ్యాంకులో 30,000 ఉన్నాయి. 40,000 చిట్టీ ఏడు నెలల్లో ముగుస్తుంది. ఆరోగ్యశ్రీ వర్తించదన్నారు. సర్కారు దవాఖానలో పన్ను పీకడం తప్ప ఏమీ చేయరని ఊళ్లో అంటారు. అప్పు తీసుకోవాలా, చిట్టీ పాడాలా, బంగారం కుదువ పెట్టాలా?

జవాబు: మీరు ఫోటో తీసి పంపిన అంచనా చీటీని రెండుసార్లు చదివాను. కింద 92,000 అని రాసి చుట్టూ సున్నా చుట్టారు. మీరు ఆ సున్నా దగ్గరే ఆగిపోయారు. దాని పైన మూడు వరుసలున్నాయి. మూడు పళ్లు తీసి, మరో రెండింటికి రూట్ కెనాల్ చేసి క్యాపులు వేయడానికి 22,000. తీసిన చోట రెండు ఇంప్లాంట్లకు, అంటే ఎముకలో బిగించే పళ్లకు, 50,000. ముందు నాలుగు పళ్ల గార కనబడకుండా క్యాపులకు 20,000. అమ్మగారిని తిననివ్వనిది మొదటి వరుస ఒక్కటే. ఆ డబ్బు మీ దగ్గర ఉంది. అప్పు చేయమంటున్నది మిగతా రెండు వరుసల కోసం.

గార సంగతి ముందు తేల్చేద్దాం. మర్రిగూడ, మునుగోడు, దేవరకొండ వైపు బోరు నీళ్లు తాగి పెరిగిన వారి పళ్లు పసుపు, గోధుమ రంగు తేలడానికి ఫ్లోరైడ్ కారణం. పళ్లు ఏర్పడే వయసులో పట్టిన రంగు అది. చూడటానికి ఇబ్బందే, కానీ రంగు ఒక్కటే అయితే నొప్పి పుట్టదు. 61 ఏళ్లు ఆ పళ్లతోనే నవ్విన మనిషికి ఇప్పుడు వడ్డీకి తెచ్చి క్యాపులు వేయించాలా? ఆమెనే అడగండి. చీటీలో ఆ వరుస ఆమె అడిగితే వచ్చిందని నాకు అనిపించడం లేదు.

ఇక రూపాయి వడ్డీ. ఊళ్లో రూపాయి వడ్డీ అంటే చేతిలో ఎంత అసలు మిగిలి ఉంటే అంతకే లెక్క. ఇక్కడ 72,000 మీద రెండేళ్ల వడ్డీ 17,280 ముందే కలిపి, 24 భాగాలు చేసి, నెలకు 3,720 అంటున్నారు. నెలనెలా అసలు కొంత తీరుతూనే ఉన్నా వడ్డీ మాత్రం ఆఖరు నెల దాకా మొత్తం 72,000 మీదే పడుతుంది. సరిగా లెక్క కడితే అది నూటికి రూపాయి ఎనభై పైసలు, ఏడాదికి 21.6 శాతం. ప్రాసెసింగ్ ఫీజు, ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ వేరు. మీ ఇద్దరి రాబడిలో దాదాపు ఐదో వంతు రెండేళ్లు కట్టుబడిపోతుంది.

ఆరోగ్యశ్రీ గురించి క్లినిక్ వారు చెప్పింది నిజమే. 2007లో పథకం మొదలైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా ఉంది. అయితే జాబితాలో ఉన్న చికిత్సలకే అది వర్తిస్తుంది. దవడ ఎముక విరిగినా, నోటి క్యాన్సర్‌కు శస్త్రచికిత్స కావాలన్నా పనికొస్తుంది. పిప్పిపన్నుకు, రూట్ కెనాల్‌కు, కట్టుడు పళ్లకు రాదు. ఆరోగ్య బీమా పాలసీలూ పంటి వైద్యం దగ్గర చాలావరకు ఇంతే, ప్రమాదంలో దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరితే తప్ప.

కానీ కార్డు వర్తించకపోతే ప్రభుత్వ వైద్యమే లేదనుకోకండి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆసుపత్రి దగ్గర, ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. అక్కడ పళ్లు తీయడానికి ఒక విభాగం, రూట్ కెనాల్‌కు ఒకటి, కట్టుడు పళ్లకు మరొకటి. మీకు దగ్గరలో అయితే నార్కట్‌పల్లిలో కామినేని దంత వైద్య కళాశాల ఉంది. మహబూబ్‌నగర్ వైపు వారికి ఎస్‌వీఎస్ కళాశాల ఉంది. ఈ రెండూ ప్రైవేటువి. అయినా విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో వైద్యం చేస్తారు కాబట్టి క్లినిక్ కంటే తక్కువలో అవుతుంది. ఒక్కో పనికి ఎంతో కౌంటర్ దగ్గరే అడిగి రాసుకోండి.

ఇలాంటి చోట అసలు ఖర్చు ఫీజు కాదు, రోజులు. ఉదయం ఓపీ చీటీ రాయించుకోవాలి, వరుసలో కూర్చోవాలి, క్లినిక్‌లో రెండుసార్లలో అయ్యే పనికి నాలుగుసార్లు రమ్మంటారు. ఎనిమిది సార్లు వెళ్లాలనుకుందాం. మీరు తోడు వెళితే రోజుకు 530 చొప్పున 4,200 పైగా జీతం పోతుంది, మీ బస్సు టికెట్లు అదనం. మీ భార్య వెళితే పోయేది రోజుకు 150 కుట్టుకూలి. మహాలక్ష్మి పథకం కింద అత్తాకోడళ్లిద్దరికీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్. తెలంగాణ చిరునామా ఉన్న అసలు ఆధార్ కార్డు చేతిలో ఉండాలి. ఇమ్లీబన్ బస్టాండులో దిగితే అఫ్జల్‌గంజ్ దగ్గరే. తిండికి రోజుకు 200 వేసుకున్నా, కుట్టుకూలితో కలిపి ఎనిమిది సార్లకు 2,800. ఎక్స్‌రేలు, మందులు, ల్యాబు ఖర్చులకు అని మొత్తం 10,000 విడిగా పెట్టుకోండి.

ఇంప్లాంట్ల బదులు తీసి పెట్టుకునే పళ్ల సెట్టు అడగండి. ఇక్కడ ఒక మాట. మా నాన్నగారికి కట్టుడు పళ్లు వచ్చాక అంచు చిగురుకు ఒరుసుకుని పుండైంది. సరిచేయించడానికి మూడుసార్లు తిరగాలంటే విసుగొచ్చి, ఆ సెట్టును స్టీలు గ్లాసులో నీళ్లు పోసి కిటికీలో పెట్టేశారు. గ్లాసు ఏడాది పాటు అక్కడే ఉంది, ఆయన మాత్రం జావ తాగుతూ కూర్చున్నారు. అందుకే సెట్టు చేతికొచ్చిన రోజుతో ప్రయాణాలు ముగిశాయనుకోకండి, మరో మూడు లెక్కలో వేసుకోండి.

చిట్టీ ఇప్పుడు పాడితే తోపుడులో, అంటే పాటలో వదులుకునే సొమ్ములో, నష్టపోతారు. ఏడు నెలలు ఓపిక పట్టండి. పళ్లు తీసిన చోట చిగురు మాని, ఎముక కుదురుకోవడానికీ ఎలాగూ కొన్ని నెలలు పడుతుంది. అప్పటికీ అమ్మగారు ఇంప్లాంట్లే కావాలంటే ఆ 40,000 ఉంటాయి. బంగారం జోలికి వెళ్లకండి.

ఈ వారమే చేయాల్సింది షుగర్ పరీక్ష. షుగర్ అదుపులో లేకపోతే పన్ను తీసిన చోట పుండు త్వరగా మానదు, డాక్టరు వాయిదా వేయవచ్చు, ఆ రోజు కూలీ వృథా. రిపోర్టు, వేసుకునే మాత్రల చీటీ, క్లినిక్‌లో తీసిన ఎక్స్‌రే వెంట పట్టుకెళ్లండి. ఎక్స్‌రేకు డబ్బు మీరే కట్టారు, అడిగి తెచ్చుకోండి. మధ్యలో బుగ్గ వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరుచుకోకపోయినా వరుసలూ లెక్కలూ పక్కన పెట్టి అదే రోజు నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి తీసుకెళ్లండి. అప్పుడు తోడు మీరే వెళ్లండి, జీతం పోయినా ఫరవాలేదు.