డిమెన్షియా, డిప్రెషన్ రెండూ ఉన్న అమ్మగారి వైద్యానికి డబ్బు ఎలా సిద్ధం చేసుకోవాలి?

ప్రశ్న: మా అమ్మగారు చాలా కాలంగా డిప్రెషన్‌కు మందులు వాడుతున్నారు. రెండేళ్ల క్రితం డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్రమంగా క్షీణించే జబ్బు) కూడా ఉన్నట్లు తేలింది. మందుల ఖర్చు భరించగలుగుతున్నాం గానీ, గత ఏడాది రెండుసార్లు ఉన్నట్టుండి ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. ఆమె పొదుపు మొత్తాన్ని దీర్ఘకాలిక డిపాజిట్‌లో వేసి, నేను ఉద్యోగం మానేయడం మంచిదేనా?

సమాధానం: రెండూ వద్దనే నా సలహా. ఈ రెండు జబ్బులు కలిసినప్పుడు ఖర్చు నెలనెలా సమంగా రాదు. మనసు కుంగినప్పుడు తిండి, నీళ్లు, మందులు తప్పడం, బాధ ఎక్కడుందో రోగి చెప్పలేకపోవడం వల్ల ఇన్‌ఫెక్షన్లు, పడిపోవడం వంటివి ముదిరాకే బయటపడి, నేరుగా అత్యవసర విభాగానికి దారితీస్తాయి. అక్కడి కొత్త వాతావరణంలో అయోమయం పెరిగితే ఆసుపత్రిలో ఉండే రోజులూ పెరుగుతాయి. అందువల్ల డిప్రెషన్‌కు క్రమం తప్పకుండా చేయించే పరీక్షలను, మందుల సమీక్షను అదనపు ఖర్చుగా చూడకండి; బడ్జెట్‌లో నేను కోతపెట్టని పద్దు అదే.

గతంలో వచ్చిన ఆ రెండు బిల్లులూ ముందు పెట్టుకుని, బీమా చెల్లించని భాగాన్ని, ఇంటికి వచ్చాక కొన్ని వారాలపాటు సహాయకులకు ఇచ్చిన మొత్తాన్ని కలిపి లెక్కకట్టండి. కనీసం అంత సొమ్ము ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే ఖాతాలో ఉండాలి. మిగిలినదాన్ని వేర్వేరు గడువుల డిపాజిట్లుగా విడదీయవచ్చు. బీమా పత్రంలో మానసిక వైద్యం, ముందునుంచీ ఉన్న జబ్బులు, ఆసుపత్రిలో చేరకుండా పొందే చికిత్స గురించిన షరతులు చదవండి. ఇంటి దగ్గర సంరక్షణ ఖర్చు చాలా పాలసీల్లో ఉండదు.

అసలు భారం అక్కడే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో డిమెన్షియా వల్ల ప్రపంచంపై పడిన 1.3 లక్షల కోట్ల డాలర్ల భారంలో దాదాపు సగం కుటుంబసభ్యులు, ఆప్తులు చేసిన సంరక్షణ విలువే; వారు రోజుకు సగటున 5 గంటలు అందుకు వెచ్చిస్తున్నారు. మీరు ఉద్యోగం మానేస్తే పోయేది జీతం ఒక్కటే కాదు, పదవీ విరమణ నిధికి చేరే సొమ్ము, యజమాని ఇచ్చే ఆరోగ్య బీమా, తిరిగి అదే స్థాయిలో చేరే అవకాశం కూడా పోతాయి. ముందుగా పని గంటలు తగ్గించుకోవడం, పగటిపూట సహాయకులను పెట్టుకోవడం ఎంతవుతుందో పోల్చి చూడండి. జబ్బు ఎన్నేళ్లు సాగుతుందో ఎవరూ చెప్పలేరు గనుక, మీ వృద్ధాప్యానికి దాచుకున్న నిధిని మాత్రం ముట్టుకోకండి.

వీటన్నిటికన్నా త్వరపడవలసిన పని మరొకటుంది. అమ్మగారికి విషయం అర్థం చేసుకుని నిర్ణయించే శక్తి ఉండగానే, వైద్యుని ధ్రువీకరణతో, ఆమె తరఫున లావాదేవీలు జరిపే అధికారపత్రం రాయించండి. సాధారణ అధికారపత్రం చాలా దేశాల చట్టాల్లో ఆ శక్తి పోగానే చెల్లకుండా పోతుంది కాబట్టి, ఆ తరువాత కూడా చెల్లే ఏర్పాటు మీకు వర్తించే చట్టంలో ఏముందో న్యాయవాదిని ఈ నెలలోనే అడగండి.