డిస్క్ పెరిగింది, పార్టిషన్ పెరగలేదు

ప్రశ్న: మా ఆఫీసులో 40 లినక్స్ వర్చువల్ సర్వర్లున్నాయి. క్లౌడ్‌లో ఒక్కోదాని డిస్క్‌ను 50 జీబీ నుంచి 100 జీబీకి పెంచాను. లోపల చూస్తే ఇంకా 50 జీబీయే! ఒక్కోదానిలో లాగిన్ కాకుండా స్క్రిప్టుతో అన్నిటినీ ఒకేసారి సరిచేయొచ్చా? డేటా పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: స్క్రిప్టుతో చేయొచ్చు, కానీ 'ఒకేసారి' మాత్రం వద్దు. స్నాప్‌షాట్లు (డిస్క్‌కు ఉన్నదున్నట్టు కాపీలు) తీసుకుని, ముందు అంతగా అవసరం లేని సర్వర్ ఒకదాని మీద నడపండి. అది సరిగ్గా వచ్చాకే మిగతావి, అవీ ఒకదాని తర్వాత ఒకటి. చాలా సర్వర్లను ఒకేచోటి నుంచి నడిపే యాన్సిబుల్ వాడితే, ఒక విడతలో ఎన్ని సర్వర్లో చెప్పే 'సీరియల్' విలువ 1 పెట్టండి.

మీరు పెంచింది డిస్క్‌ను. దానిలోని పార్టిషన్ (డిస్క్‌లో విడదీసిన భాగం), అందులో ఫైళ్లను అమర్చే ఫైల్ సిస్టమ్ పాత సైజులోనే ఉన్నాయి. పార్టిషన్‌ను 'గ్రోపార్ట్' అనే కమాండ్ పెంచుతుంది. ఇక్కడ డిస్క్ పేరుకీ పార్టిషన్ నంబరుకీ మధ్య స్పేస్ ఇవ్వాలి. చాలామంది కలిపి రాసేసి ఎర్రర్ తెచ్చుకుంటారు. తర్వాత ఫైల్ సిస్టమ్. అది ఈఎక్స్‌టీ4 రకమైతే 'రీసైజ్2ఎఫ్ఎస్' కమాండ్‌కు పార్టిషన్ పేరివ్వాలి, ఎక్స్ఎఫ్ఎస్ రకమైతే 'ఎక్స్ఎఫ్ఎస్ గ్రోఎఫ్ఎస్'కు మౌంట్ పాయింట్ (ఆ ఫైల్ సిస్టమ్ కనిపించే ఫోల్డర్) ఇవ్వాలి. సర్వర్ ఆపక్కర్లేదు. డిస్క్‌లో మీ పార్టిషన్ తర్వాత వెంటనే స్వాప్ పార్టిషన్ (మెమరీ చాలనప్పుడు వాడే భాగం) ఉంటే మాత్రం పెరగడానికి చోటుండదు. అలాంటి సర్వర్లను స్క్రిప్టు నుంచి తీసేసి చేత్తో చూసుకోండి.

స్క్రిప్టు రాసేవాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఎగ్జిట్ కోడ్, అంటే కమాండ్ ముగిశాక ఫలితం చెప్పే అంకె. పెంచడానికేమీ లేకపోతే గ్రోపార్ట్ 'నోఛేంజ్' అని చెప్పి 1 ఇస్తుంది, నిజంగా విఫలమైతే 2 ఇస్తుంది. ఎర్రర్ రాగానే ఆగేలా రాసిన స్క్రిప్టు ఈ 1ని కూడా ఎర్రరే అనుకుంటుంది. నిన్న సగంలో ఆగిన పనిని ఇవాళ మళ్లీ మొదలుపెడితే మొదటి సర్వర్ దగ్గరే నిలిచిపోయేది అందుకే. 1 వస్తే ఫైల్ సిస్టమ్ దశకు వెళ్లమని, 2 వస్తే ఆగమని విడివిడిగా రాయండి.

సర్వర్ల జాబితాను 'వైల్ రీడ్' లూప్‌తో ఒక్కో లైనుగా చదువుతుంటే, సర్వర్లోకి కనెక్టయ్యే ఎస్ఎస్‌హెచ్ కమాండ్‌కు 'మైనస్ ఎన్' ఆప్షన్ తప్పనిసరి. లేకపోతే మొదటి కనెక్షనే మిగిలిన పేర్లన్నీ మింగేస్తుంది. ఒక్క సర్వర్‌తో లూప్ ముగుస్తుంది, ఎర్రర్ కూడా రాదు.

ఇప్పటికే నూరు శాతం నిండిపోయిన సర్వర్లుంటే అవి వేరే కథ. గ్రోపార్ట్‌కు 'టెంప్' ఫోల్డర్‌లో కొంచెం ఖాళీ కావాలి, అది లేక అక్కడే ఆగిపోతుంది. పాత లాగ్ ఫైళ్లు కొన్ని తీసేసి, ఆ సర్వర్ల మీద స్క్రిప్టు నడపండి.