'గో'కి 'వెంట్' ఎక్కడిది?

ప్రశ్న: ఇంగ్లిష్‌లో 'గో' అనే క్రియకి భూతకాలం 'వెంట్' ఎలా అయింది? రెండిటికీ పోలికే లేదు కదా!

జవాబు: ఎలా ఉంటుందండీ, అది అసలు వేరే క్రియ సొత్తు. పాత ఇంగ్లిష్‌లో 'వెండన్' అంటే తిరగడం, తిప్పడం. అది మెల్లగా 'వెళ్లడం' అనే అర్థంలోకి జారింది, దాని భూతకాలమే ఈ 'వెంట్'. అప్పట్లో 'గో'కి 'ఏఓడె' అనే భూతకాలం ఉండేది (అదీ వేరే ధాతువుదే, అంటే అప్పు చేయడం 'గో'కి పాత అలవాటే!). సుమారు 15వ శతాబ్దంలో దాని చోటు 'వెంట్' ఆక్రమించింది. స్కాట్లాండ్ వాళ్లు మాత్రం 'గేడ్' అని సొంతంగా కట్టుకున్నారు. 'వెంట్' చేజారిన 'వెండ్' ('వెండన్'కి నేటి రూపం) పాపం 'వెండెడ్' అనే కొత్త రూపంతో సరిపెట్టుకుంది, ఇప్పుడు ఎక్కువగా 'వెండ్ వన్స్ వే' (మెల్లగా దారి పట్టి సాగడం) అనే పలుకుబడిలోనే కనిపిస్తుంది.