ముందు పాలిష్ ఆపండి!

ప్రశ్న: మా తాతగారి పెండ్యులం గోడ గడియారం నా వాటాకి వచ్చింది. డయల్ మీద ఏ పేరూ లేదు. నడవట్లేదు, కీ మరీ ఎక్కువ తిప్పేయడం వల్లే బిగుసుకుపోయిందని ఇంట్లో అందరూ అంటున్నారు. ఇది ఎప్పటిదో ఎలా తెలుస్తుంది? పాలిష్ చేయించి అమ్మితే ఎక్కువ వస్తుందా?

జవాబు: పాలిష్ సంగతి మర్చిపోండి. పాత వార్నిష్ గీకేసి కొత్తగా మెరిపించిన పెట్టెను చూడగానే, పాత గడియారాలు సేకరించేవాళ్లు ధర తగ్గించేస్తారు. మెత్తటి పొడిబట్టతో దుమ్ము తుడిస్తే చాలు. డయల్ మీద పేరు లేదని దిగులొద్దు, ఉన్నా అది చాలాసార్లు అమ్మిన షాపువాళ్ల పేరే అయి ఉంటుంది. పెండ్యులం తీసి పక్కన పెట్టి, మెషిన్ వెనక ఇత్తడి పలక మీద టార్చి వేసి చూడండి. ఎనిమిది మొనల నక్షత్రంలో జె అక్షరం కనిపిస్తే అది జర్మనీకి చెందిన యుంఘాన్స్, ఆ గుర్తు 1890 నుంచి వాడుకలో ఉంది. గుస్టావ్ బెకర్ అనే ఇంకో జర్మన్ కంపెనీది అయితే సీరియల్ నంబరు కూడా ఉంటుంది, దాన్నిబట్టి తయారైన ఏడాది ఇంచుమించుగా తేలుతుంది. దేశం పేరు ఇంగ్లిషులో ఉంటే సాధారణంగా 1891 తర్వాతిదే, ఎందుకంటే అమెరికాకు వచ్చే సరుకు మీద ఏ దేశంలో తయారైందో రాయాలనే నియమం అప్పటినుంచే అమల్లోకి వచ్చింది.

పెట్టె లోపలి చెక్కకి ఇప్పుడు వాడకంలో లేని స్క్రూ రంధ్రాలు కనిపిస్తున్నాయా? అయితే ఒక పెట్టెలో ఇంకో గడియారం మెషిన్ బిగించి ఉండొచ్చు, అలాంటిదానికి విలువ బాగా పడిపోతుంది.

ఇక కీ ఎక్కువ తిప్పడం వల్ల చెడిపోయిందన్న మాట గడియారాలు బాగుచేసే ఎవరిని అడిగినా కొట్టిపారేస్తారు. స్ప్రింగు పూర్తిగా చుట్టుకోవడం తప్పేం కాదు, లోపల పాత నూనె జిగురులా గట్టిపడి చక్రాలని కదలనివ్వకపోవడమే మామూలుగా జరిగేది. అలాగని మీరే విప్పకండి, బిగిసిన స్ప్రింగు ఒక్కసారిగా విడిపోతే వేళ్లకి దెబ్బ తగులుతుంది. రేటు కోసం మాత్రం కొనేవాడినే విలువ కట్టమనకండి (ఎంత మంచివాడైనా సరే!), వేలంలో అలాంటివి నిజంగా ఎంతకి అమ్ముడయ్యాయో చూడండి. అమ్మేవాళ్లు చెప్పే ధర వేరు, చేతికొచ్చే ధర వేరు. ఇన్సూరెన్స్ కోసం రాయించే విలువ ఇంకా వేరు, అది అలాంటి వస్తువు మళ్లీ కొనాలంటే ఎంతవుతుందన్న లెక్క కాబట్టి ఎక్కువగానే ఉంటుంది.

ప్రశ్న: సొరుగున్న గుండ్రటి చెక్క బల్ల ఒకటి ఉంది. నూట యాభై ఏళ్ల నాటిదంటారు, నమ్మొచ్చా?

జవాబు: సొరుగు బయటికి లాగి తిరగేయండి. మూలల్లో చెక్క పళ్లు ఒకదాంట్లో ఒకటి దూరి ఉంటాయి చూడండి, అవి కాస్త ఎగుడుదిగుడుగా ఉంటే చేతిపని, అన్నీ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటే మెషిన్ పని. ప్లస్ గాడి ఉన్న స్క్రూలు 1930ల్లో వచ్చినవి. అయితే ఒక్క స్క్రూ తర్వాత మార్చి ఉండొచ్చు, దానికే టెన్షన్ పడక్కర్లేదు. టేపు పెట్టి బల్లపైభాగాన్ని రెండువైపులా కొలవండి. చెక్క నారకి అడ్డంగా కుంచించుకుపోతుంది కాబట్టి, నిజంగా పాతదైతే ఒకవైపు కొలత కొంచెం తక్కువ రావాలి.

ప్రశ్న: నాయనమ్మ స్పూన్ల మీద ఈపీఎన్‌ఎస్ అని ఉంది. వెండేనా?

జవాబు: కాదండీ, నికెల్ కలిసిన లోహం మీద వెండి పూత. 925 అని ఉంటే వెండి అనుకోవచ్చు. మీవి గట్టిగా తోమకండి, పూత పోతుంది.