మావోడు కంపెనీలో నిలబడతాడా సారూ?

కళ్యాణదుర్గం దగ్గర పల్లె నుంచి ఒక తండ్రి రాసినారు:

"సారూ, మావోడు అనంతపురంలో డిప్లొమా మెకానికల్ చేసినాడు. పెనుకొండ దగ్గర కారు పార్టులు చేసే కంపెనీలో ట్రైనీగా చేరి ఐదు వారాలైంది. పోయిన వారం వాడి మిషన్‌ మీద నలభై పీసులు రిజెక్టు అయినాయంట. సూపర్‌వైజర్ అందరి ముందరా హిందీలో అరిచినాడంట. మొదట్లోనే ఏదో తేడాగా ఉందని కనపడిందంట గానీ, కొత్తోన్ని, పెద్దోళ్లకు ఏం చెప్తానులే అని ఊరుకున్నాడంట. 'నాకీ పని రాదు నాయనా, వచ్చేస్తా, ఈసెట్ రాసుకుంటా' అంటున్నాడు. నైట్ షిఫ్టులతో మొగం పీక్కుపోయింది. జీతంలో ఏందేందో కోస్తున్నారు. నేను చెనక్కాయ పంట నమ్ముకున్నోన్ని, కంపెనీ సంగతులు తెలీవు. రమ్మందునా, ఉండమందునా?"

అన్నా, మీ ఉత్తరంలో ఒక్క వాక్యం దగ్గర నేను ఆగిపోయినాను. "మొదట్లోనే తేడా కనపడిందంట." అంటే పని రాని పిల్లోడు కాదు. ఐదు వారాల్లోనే పీసు చూసి తేడా పట్టే కన్ను వచ్చింది. నోరు మాత్రం రాలేదు. అది వాడి తప్పు అనుకోవద్దండి, మనం నేర్పిన మర్యాదే అది. పెద్దోళ్లు పని చేస్తుంటే నడుమ మాట్లాడకూడదని ఇంట్లో చెప్తాం. కాలేజీ వైవాలో తప్పు చెప్పి తిట్లు తినడం కన్నా గమ్మునుండటమే మేలని పిల్లలు తమకు తామే నేర్చుకుంటారు. ఆ మర్యాదనే మూట కట్టుకుని ఫ్యాక్టరీ గేటు దాటినాడు. లోపల అదే ఎదురు తిరిగింది.

ఇది నాకు ఎందుకు తెలుసంటే, ఈ సలహాల పనిలోకి రాకముందు నేనూ ఒక ఫ్యాక్టరీలో ట్రైనీగా పనిచేసినాను. రెండో నెలలో ఒక రాత్రి నా మిషన్ శబ్దం మారింది. పక్క మిషన్ మీద ఇరవై ఏళ్ల అనుభవమున్న పెద్దాయన ఉన్నాడు. నిన్నగాక మొన్న వచ్చినోడివి నీకేం తెలుసు అంటాడని అడగలేదు. తెల్లవారుజామున బేరింగ్ పట్టేసి షిఫ్టంతా ఆగింది. ఇన్‌చార్జ్ వచ్చి ఒకటే అడిగినాడు, శబ్దం ఎప్పట్నుంచి వస్తోంది అని. రెండు గంటల నుంచి అన్నాను. బేరింగ్ పోయినందుకు ఆయన ఏమీ అనలేదు. ఆ రెండు గంటల గురించే చాలాసేపు మాట్లాడినాడు. అప్పుడు అవమానమనిపించింది. ఆయన అడిగింది న్యాయమేనని ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

అరిచిన సూపర్‌వైజర్ సంగతి కూడా కొంచెం తెలుసుకోండి. ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019లో కార్ల తయారీ మొదలయ్యాక, దానికి పార్టులు ఇచ్చే కంపెనీలు ఆ చుట్టుపక్కలకే వచ్చినాయి. అంత దగ్గరికి రావడానికి కారణముంది. కార్ల కంపెనీలు ఇప్పుడు పార్టులను గోడౌన్‌లో నెలల తరబడి నిల్వ పెట్టుకోవు. ఏ పూట ఎన్ని కావాలో ఆ పూటకు అన్నే తెప్పించుకుంటాయి. నలభై పీసులు చెడితే ఆ లోటు పూడ్చడానికి వెనక గుట్టలేమీ ఉండవు. పై నుంచి ఫోన్ వచ్చేది సూపర్‌వైజర్‌కే. అందరి ముందర అరవడం ఒప్పని నేను అనను. పిలిచి పక్కన చెప్పాల్సింది. కానీ ఆ కోపం మీ అబ్బాయి మీద పగ కాదు, మరుసటి షిఫ్టుకు చాలావరకు మర్చిపోయుంటాడు. మర్చిపోలేక కుమిలిపోతున్నది మీవాడే.

ఇక్కడి నుంచి రాసేది అబ్బాయికి. ఫోన్‌లో ఫోటో తీసి పంపండి, వాడే చదువుకుంటాడు.

నాయనా, డిప్లొమాలో ఇండస్ట్రియల్ ట్రైనింగ్ చేసినా నాకెందుకు ఇంత కష్టంగా ఉందని నువ్వు అనుకుంటూ ఉండొచ్చు. అప్పుడు నువ్వు చూడ్డానికి పోయినావు. ఇప్పుడు నీ పేరు మీద పీసులు లెక్క పెడుతున్నారు. రెండింటికీ చాలా తేడా ఉంది.

రేపు షిఫ్టుకు పోయినాక, లైన్ మొదలయ్యే ముందు సూపర్‌వైజర్ దగ్గరికి నువ్వే పో. "సార్, ఆ రోజు మొదటి పీసులోనే తేడా చూసినాను, చెప్పలేదు, అది నా తప్పు. ఇకమీద కనపడగానే చెప్తాను" అను. అంతే. సాకులొద్దు, ఏడుపొద్దు. తర్వాత నిజంగానే చెప్పు. అనుమానం వచ్చిన పీసును మంచివాటిలో కలపొద్దు, పారేయనూ వద్దు. ఎన్‌జీ (నాట్ గుడ్, అంటే చెడిపోయిన) పీసులకు పెట్టిన ఎర్ర డబ్బా దగ్గర విడిగా పెట్టి లైన్ లీడర్‌ను పిలువు. హిందీ రాదని ఆగిపోవద్దు. "సర్, ఏ పీస్ అలగ్ లగ్ రహా హై, ఏక్ బార్ దేఖియే" (ఈ పీసు తేడాగా కనపడుతోంది, ఒకసారి చూడండి) అనే ఒక్క వాక్యం బట్టీ పట్టు. తొలి నెలకు అది చాలు, పీసు చేతిలో ఉంటే మిగతాది అదే చెప్తుంది. పదిసార్లు పిలిస్తే ఎనిమిదిసార్లు "ఠీక్ హై, చలేగా" (బాగానే ఉంది, నడుస్తుందిలే) అంటారు. ఆ ఎనిమిదిసార్లూ వృథా అనుకోవద్దు. ఎంత తేడా వరకు పనికొస్తుందో నీ కంటికి తెలిసేది అప్పుడే.

జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకో. సెల్‌ఫోన్ లైన్ మీదికి తీసుకుపోనీయరు, కాబట్టి పుస్తకమే దిక్కు. టాక్ట్ టైమ్, ఎస్‌ఓపీ, ఫైవ్ ఎస్, పోకా యోకే లాంటి మాటలు వినగానే రాసుకుని, టీ టైంలో పక్కవాణ్ని అడుగు. ఫైవ్ ఎస్‌లోని ఐదు మాటలూ జపాన్ నుంచి వచ్చినవి. అక్కర్లేనివి తీసేయడం, ఉన్నవాటిని చోటులో పెట్టడం, శుభ్రం చేయడం, దాన్నొక పద్ధతిగా మార్చడం, ఆ పద్ధతి తప్పకపోవడం. మీ నాయన పొలంలో గుంటక, పార, కొడవలి ఎక్కడివక్కడ పెట్టేది నువ్వు చూసినదే.

షిఫ్టుకు పదిహేను నిమిషాలు ముందు పో. దిగిపోయేవాణ్ని, ఈ రోజు మిషన్ ఏమైనా సతాయించిందా అని అడుగు. ఏ పుస్తకంలోనూ దొరకని సంగతులు ఆ పదిహేను నిమిషాల్లో దొరుకుతాయి. కొత్తచోట స్నేహాలు కూడా నాకు తెలిసి అక్కడే మొదలవుతాయి, క్యాంటీన్‌లో కాదు.

నీ యాసను చూసి ఎవరైనా నవ్వితే నవ్వనీ. ఆ షెడ్డులో తమిళం, కన్నడం, ఒడియా, హిందీ అన్నీ ఉంటాయి, అందరి యాసా ఇంకొకరికి వింతే.

మళ్లీ మీకు, అన్నా. నైట్ షిఫ్టు విషయంలో మీరు చేయగలిగిన సాయం ఒకటుంది. పగలు పదకొండు గంటలకు ఫోన్ చేయొద్దు. మనకు అది మంచి టైం, వాడికి అది నడిరాత్రి. ఒకసారి నిద్ర చెదిరితే ఆ రోజు మళ్లీ పట్టదు, రాత్రి మిషన్ ముందర కళ్లు మూతలు పడతాయి, చేతులకు దెబ్బలు తగిలేది అప్పుడే. ఏ వారం ఏ షిఫ్టో అడిగి గోడ మీద రాసి పెట్టుకోండి. ఇంట్లో అందరికీ, ముఖ్యంగా వాళ్లమ్మకు చెప్పండి. గది కిటికీకి నల్లగుడ్డ కట్టుకోమనండి. తొలి రెండు నెలలు ప్రతి వారం సెలవుకూ ఊరికి రమ్మని పిలవొద్దు. బస్సుల్లోనే రోజంతా పోతుంది, నిద్ర బాకీ తీరదు.

జీతంలో కోతల గురించి భయపడొద్దు గానీ, స్లిప్పు మాత్రం చూడండి. ముందు చేరినప్పుడు ఇచ్చిన కాగితంలో ట్రైనీ అని ఉందా, అప్రెంటిస్ చట్టం కింద అప్రెంటిస్ అని ఉందా చదవండి. అప్రెంటిస్‌ అయితే ఇచ్చేది స్టైపెండ్, దానికి పీఎఫ్ (ముందుముందుకు దాచే డబ్బు), ఈఎస్ఐ (వైద్యానికి బీమా) వర్తించవు. అప్రెంటిస్ కాకుండా ఉద్యోగి లెక్కలో ఉంటే పీఎఫ్‌కు 12 శాతం కోస్తారు, కంపెనీ కూడా అంతే కలుపుతుంది. యూఏఎన్ అనే నంబరు వస్తుంది, రేపు కంపెనీ మారినా నంబరు అదే. జీతం నెలకు 21,000 లోపు ఉంటే ఈఎస్ఐకి 0.75 శాతం పోతుంది, కంపెనీ 3.25 శాతం కడుతుంది. వాడి మీద ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా దాంట్లో వైద్యం ఉంటుంది, పేర్లు రాయించాడో లేదో అడగండి. ఈ రెండూ కాకుండా స్లిప్పులో వేరే కోత ఉంటే అది భోజనానికా, బస్సుకా అని హెచ్‌ఆర్ దగ్గర అడిగే హక్కు వాడికుంది.

ఈసెట్ మంచిదే, రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. కానీ అది ఏడాదికొకసారి వచ్చే పరీక్ష, ఈ రోజు సంచి సర్దుకుని వచ్చినంత మాత్రాన రేపు రాయలేడు. చదవాలనే ఉంటే వచ్చే నోటిఫికేషన్ దాకా జీతం దాచుకుంటూ సిద్ధమవ్వనీయండి. తిట్టిన మనిషి మొగం చూడలేక వచ్చేస్తే మాత్రం, బీటెక్ అయినాక ఇంకో షెడ్డులో ఇంకో మనిషి ఎదురవుతాడు. మూడు నెలలు నిండనీయండి. అన్ని షిఫ్టులూ ఒక్కసారైనా చుట్టి వచ్చినాక కూడా వద్దంటే నేను మీవాడి పక్షమే.

ఇవి జరిగితే మాత్రం మూడు నెలలు కాదు, మూడు రోజులు కూడా ఆగొద్దు. చేతులు తగలకుండా మిషన్‌కు పెట్టిన గార్డు తీసేసి, సెన్సర్ కట్టేసి పని చేయమనడం. చెయ్యెత్తడం, కులం పేరుతో తిట్టడం. ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని వెనక్కి ఇవ్వకపోవడం. వీటిలో ఒక్కటున్నా వెంటనే నాకు రాయండి, అప్పుడు నా సలహా వేరేగా ఉంటుంది.

పెనుకొండకు ఒకసారి పోయి చూసి రండి. వాడు ఏ టైంకు నిద్ర లేస్తాడో కనుక్కుని బయలుదేరండి. గదిలో ఎంతమంది ఉన్నారో కూడా అడిగి, చెనక్కాయ ఉండలు అందరికీ సరిపడా తీసుకుపోండి.